దేశాలు తిరిగిన కాగితం పాండాలు

రైల్వే స్టేషన్ ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. జనం, మూటలు, తోపులాట. ఎవరి తొందర వాళ్లది. ఆగి చూసే తీరిక ఎవరికీ ఉండదు. అలాంటి చోట ఒకేసారి 1600 బొమ్మలు బారులు తీరి కూర్చుంటే? ఎంత తొందరలో ఉన్నా జనం ఆగి చూడరూ!

నిజంగానే అట్లా జరిగింది. జర్మనీ దేశానికి రాజధాని బెర్లిన్. 2013 ఆగస్టులో అక్కడి పెద్ద రైల్వే స్టేషన్ ముందు 1600 పాండా బొమ్మలు కూర్చున్నాయి. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఆగి చూశారు. పిల్లలు వాటి పక్కన చేరారు.

ఆ బొమ్మలు ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు? సరిగ్గా 1600 బొమ్మలే ఎందుకు? ఇది సరదా కథే. కానీ ఆ సరదా వెనక ఒక పెద్ద విషయం ఉంది. తెలుసుకుందాం.

పాండా అంటే ఏమిటి?

పాండా ఒక రకం ఎలుగుబంటి. మన అడవుల్లో ఉండే ఎలుగుబంటి నల్లగా ఉంటుంది. పాండాకు ఒళ్లు తెలుపు. కాళ్లు నలుపు. చెవులు నలుపు. కళ్ల చుట్టూ నల్లటి మచ్చలు. దాన్ని చూస్తే, కళ్లకు పెట్టిన కాటుక కారినట్టు ఉంటుంది. అందుకే చూసినవాళ్లకు నవ్వు వస్తుంది. ముద్దూ వస్తుంది.

పాండా చైనా దేశపు అడవుల్లో తప్ప మరే దేశపు అడవుల్లోనూ లేదు. చైనాలో కూడా సిచువాన్, షాన్‌షీ, గాన్సు అనే మూడు రాష్ట్రాల కొండల్లోనే ఉంది. దాని తిండి వెదురు. లేత పిలకలు, ఆకులు, కాడలు అన్నీ తింటుంది. వెదురులో సత్తువ తక్కువ. అందుకే చాలా తినాలి. ఒక్క పాండా రోజుకు 12 నుంచి 38 కిలోల దాకా వెదురు తింటుంది. రోజులో సగం పొద్దు దానికి తిండితోనే సరిపోతుంది.

ఇంకో వింత చెబుతాను, వినండి. తల్లి పాండా బరువు సుమారు 100 కిలోలు. దానికి పుట్టే పిల్ల బరువు సుమారు 100 గ్రాములు. అంటే రెండు కోడిగుడ్ల బరువు! పుట్టినప్పుడు పిల్లకు కళ్లు కనిపించవు. తల్లి దాన్ని గుండెకు హత్తుకుని సాకుతుంది. కవలలు పుడితే అడవిలో తల్లి మామూలుగా ఒక్కదాన్నే బతికించుకోగలదు. అందుకే పాండాల సంఖ్య త్వరగా పెరగదు. తగ్గితే మాత్రం త్వరగా తగ్గిపోతుంది.

ఎందుకు తగ్గాయి?

వెదురు ఎప్పుడో గాని పూయదు. పూసిందంటే ఆ చుట్టుపక్కల ఉన్న ఆ రకం వెదురంతా ఒక్కసారే పూస్తుంది. గింజ రాలుస్తుంది. తర్వాత ఎండిపోతుంది. మళ్లీ మొలిచి పెరగడానికి ఏళ్లు పడుతుంది.

వెనకటి రోజుల్లో పాండాకు ఇది పెద్ద కష్టం కాదు. ఒక కొండ మీద వెదురు ఎండితే, ఇంకో రకం వెదురు ఉన్న కొండకు పోయేది. పోనుపోను మనుషులు పెరిగారు. చెట్లు కొట్టారు. కొండవాలులో పొలాలు వేశారు. రోడ్లు వేశారు. ఒక కొండ నుంచి ఇంకో కొండకు పోయే దారి తెగింది. 1970 తర్వాత కొన్ని కొండల్లో వెదురు పూసి ఎండినప్పుడు చాలా పాండాలు ఆకలితో చచ్చిపోయాయి. తోలు కోసం వేటాడినవాళ్లు కూడా ఉన్నారు.

చైనా ప్రభుత్వం అడవుల్లో పాండాలను లెక్క పెట్టించింది. 2004లో ఆ లెక్క బయటపెట్టారు. సుమారు 1600 ఉన్నాయని తేలింది. మనుషుల లెక్కతో పోల్చి చూడండి. ఒక మాదిరి పల్లెలోనే అంతకన్నా ఎక్కువ జనం ఉంటారు. ఒక జంతువు జాతి మొత్తం ఒక పల్లె జనమంత!

లెక్కకు బొమ్మ కట్టారు

వన్యప్రాణుల కోసం పనిచేసే ఒక పెద్ద సంస్థ ఉంది. దాని పేరు డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్. అది 1961లో పుట్టింది. మొదటి నుంచి దాని గుర్తు పాండాయే. ఆ రోజుల్లో లండన్ జంతు ప్రదర్శనశాలలో చీ-చీ అనే పాండా ఉండేది. దాన్ని చూసి ఆ గుర్తు గీశారు. పాండాను ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. నలుపు తెలుపు బొమ్మ కాబట్టి రంగుల ఖర్చు లేకుండా అచ్చు వేయవచ్చు. పొదుపు అంటే అదీ!

ఫ్రాన్స్ దేశంలో ఆ సంస్థకు ఒక శాఖ ఉంది. 2008లో ఆ శాఖవాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. "పాండాలు 1600 మిగిలాయి" అని కాగితం మీద రాస్తే ఎంతమంది పట్టించుకుంటారు? చదువుతారు, మరిచిపోతారు. అదే 1600 బొమ్మలు కళ్ల ఎదుట పెడితే?

పౌలో గ్రాంజోన్ అనే ఫ్రాన్స్ శిల్పి వాళ్లతో చేయి కలిపారు. బొమ్మలను కాగితపు గుజ్జుతో చేయించారు. ఈ పని మన ఆడవాళ్లకు కొత్త కాదు. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి, రోట్లో రుబ్బి, ఆ ముద్దను పాత బుట్టలకు పూయడం మన పల్లెల్లో ఉన్నదే. కాగితం బొమ్మ చేసే పద్ధతి కూడా దానికి దగ్గరగానే ఉంటుంది. ఎండిన తర్వాత రంగులు వేస్తారు.

అడవిలో ఉన్న ఒక్కో పాండాకు ఒక్కో బొమ్మ. అదీ లెక్క. అక్షరం రానివాళ్లకు, అంకె తెలియనివాళ్లకు కూడా ఆ లెక్క అర్థమవుతుంది. "ఇంతేనా మిగిలినవి?" అని చూసినవాళ్లే అడుగుతారు. అడిగించడమే ఆ బొమ్మల పని.

బొమ్మల ప్రయాణం

మొదట ఫ్రాన్స్‌లో బయలుదేరాయి. పారిస్ నగరంలో కూర్చున్నాయి. తర్వాత ఐరోపాలోని మరికొన్ని దేశాలకు పోయాయి. 2013లో బెర్లిన్ సంగతి పైన చదివారు కదా!

2014లో సముద్రాలు దాటి తైవాన్ చేరాయి. అక్కడి తైపే నగరంలో వీటికి చుట్టాలు కలిశారు. ఎవరా చుట్టాలు? 200 నల్ల ఎలుగుబంటి బొమ్మలు. తైవాన్ అడవుల్లో నల్ల ఎలుగులు ఉన్నాయి. వాటి ఛాతీ మీద తెల్లటి గుర్తు ఉంటుంది. అవి కూడా బాగా తగ్గిపోయాయి. "ఊరికి వచ్చిన చుట్టాన్నే కాదు, మన ఇంటి బిడ్డను కూడా చూసుకోవాలి" అన్నట్టుగా అక్కడివాళ్లు ఆ బొమ్మలనూ పక్కన కూర్చోబెట్టారు.

అదే సంవత్సరం జూన్‌లో హాంకాంగ్ వెళ్లాయి. విమానాశ్రయంలో దిగిన దగ్గర నుంచి అన్నీ ఫొటోలే. ఒకరోజు ఒకచోట, ఇంకోరోజు ఇంకోచోట కనిపించాయి. తర్వాత మలేషియా చూశాయి.

2015లో దక్షిణ కొరియాలోని సియోల్ నగరానికి చేరాయి. అక్కడ ఒక మంచి మార్పు వచ్చింది. ఈసారి వచ్చినవి 1600 కాదు, 1800 బొమ్మలు. ఎందుకు? ఆ ఏడాదే చైనా కొత్త లెక్క చెప్పింది. అడవుల్లో 1864 పాండాలు ఉన్నాయని తేలింది. పాండాలు పెరిగాయి, బొమ్మలూ పెరిగాయి! 2016లో థాయిలాండ్ రాజధాని బ్యాంకాక్‌లో కూడా ఈ బొమ్మల మేళా జరిగింది.

కొన్ని నగరాల్లో మేళా అయిపోయాక విరాళం ఇచ్చినవాళ్లకు బొమ్మలు ఇచ్చారు. దాన్ని దత్తత అన్నారు. డబ్బు వన్యప్రాణుల పనికి పోయింది. బొమ్మ ఇంటికి పోయింది.

మరి పాండాలను కాపాడింది ఎవరు?

బొమ్మలు కాపాడాయా? లేదు. బొమ్మ చూపిస్తుంది, అడిగిస్తుంది. కాపాడే పని మనుషులే చేయాలి. ఆ పని బొమ్మలు బయలుదేరకముందే మొదలైంది.

1998లో చైనాలో యాంగ్‌ట్సీ నదికి పెద్ద వరదలు వచ్చాయి. ఎన్నో ఊళ్లు మునిగాయి. కొండల మీద చెట్లు కొట్టేయడం వల్లనే వరద అంతగా పెరిగిందని ప్రభుత్వం గుర్తించింది. ఆ కొండల అడవుల్లో కలప కొట్టడం ఆపించింది. మరుసటి ఏడాది ఇంకో పథకం పెట్టింది. బాగా ఏటవాలుగా ఉన్న పొలాల్లో సాగు మానేసి చెట్లు పెంచే రైతులకు ధాన్యం, డబ్బు ఇచ్చింది. పాండాల కోసం ప్రత్యేకంగా కాపాడే అడవులను పెంచుతూ వచ్చింది. 2015 నాటికి అవి 67 అయ్యాయి.

ఇక్కడ ఒక ప్రశ్న ఉంది. అడవి జోలికి పోవద్దని చెప్పడం తేలిక. మరి అడవి అంచున ఉన్న ఇంట్లో పొయ్యి ఎట్లా వెలగాలి? కట్టెలు తెచ్చే ఆడమనిషి ఏం చేయాలి?

సిచువాన్ రాష్ట్రంలో వోలాంగ్ అనే చోట ఈ చిక్కు బాగా కనిపించింది. అది పాండాల కోసం ఉంచిన అడవి. అందులోనే రైతు కుటుంబాలు కూడా ఉన్నాయి. అక్కడ చలి ఎక్కువ. వంటకు కట్టెలు, పందుల మేత ఉడికించడానికి కట్టెలు, చలి కాచుకోవడానికి కట్టెలు. ఏటేటా కట్టెల కోసం ఇంకా పైకి, ఇంకా లోపలికి పోయేవాళ్లు. పాండా ఉండే చోటే తరిగిపోయింది.

తర్వాత పద్ధతి మార్చారు. అడవిని ముక్కలుగా చూపించి, ఒక్కో ముక్క కాపలా కొన్ని కుటుంబాలకు అప్పగించారు. కాపలా కాసినందుకు ఏటా డబ్బు ఇచ్చారు. దొంగతనంగా చెట్లు కొట్టినట్టు తేలితే ఆ డబ్బులో కోత పడుతుంది. ఇళ్లలో కట్టెల బదులు కరెంటు వాడకం పెరిగింది. మెల్లగా అడవి మళ్లీ పెరగసాగింది.

చూశారా? అడవి దగ్గర ఉన్నవాళ్లను దొంగలుగా చూసినప్పుడు అడవి నిలవలేదు. వాళ్ల పొయ్యి సంగతి కూడా ఆలోచించి, వాళ్లనే కాపలాదారులను చేసినప్పుడు అడవి తేరుకుంది.

2016లో ప్రపంచ పట్టికలో పాండా స్థానం మారింది. "అంతరించే ప్రమాదంలో ఉన్నది" అనే వరుస నుంచి ఒక మెట్టు కిందికి దించారు. అంటే ప్రమాదం కొంత తగ్గిందని అర్థం. పూర్తిగా పోలేదు.

ముద్దురాని జంతువుల మాట

కథలో ఇంకో సంగతి కూడా చెప్పాలి. పాండా ముద్దుగా ఉంటుంది కాబట్టి అందరూ చూశారు. మరి చిరుతపులి, తోడేలు, రేచుకుక్క సంగతి? పాండాలను కాపాడే అడవుల్లోనే ఇవి చాలాచోట్ల కనిపించకుండా పోయాయని 2020లో పరిశోధకులు చెప్పారు. పాండాకు చిన్న అడవి చాలు. వీటికి తిరగడానికి చాలా పెద్ద అడవి కావాలి. వేటాడడానికి జింకలు కావాలి. అందంగా ఉన్నదానికి బొమ్మ చేస్తాం. అందం లేనిదానికి కూడా ఆకలి ఉంటుంది కదా!

మన పులి లెక్క

మన దేశంలో కూడా ఒక అంకె ఇట్లాగే ఇంటింటికీ చేరింది. 2006లో పులులను లెక్కపెట్టారు. సుమారు 1411 ఉన్నాయని తేలింది. 2010లో ఆ అంకెను టీవీలో, పత్రికల్లో బాగా ప్రచారం చేశారు. ఆ ప్రకటనలో తల్లి కోసం ఎదురుచూసే ఒక పులిపిల్ల ఉండేది. అడవి శాఖలో పనిచేసేవాళ్లు, అడవి దగ్గర ప్రజలు ఏళ్ల తరబడి చేసిన పని వల్ల సంఖ్య పెరిగింది. 2022 లెక్కలో సుమారు 3682 పులులు ఉన్నాయి. వాటిలో కొన్ని మన నల్లమలలోనే తిరుగుతున్నాయి.

పులి ఉన్నచోట జింక ఉండాలి. జింకకు గడ్డి కావాలి. గడ్డికి అడవి కావాలి. అడవి ఉంటే వాన నీరు నేలలోకి ఇంకుతుంది. వాగులో నీరు ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఆ నీళ్లే మన బిందెలోకి వస్తాయి. పులి లెక్క మన బిందె లెక్క కూడా.

చదివారు కదా! ఇప్పుడు కలిసి మాట్లాడుకోండి.

1. మీ అమ్మమ్మ కాలంలో మీ ఊరి చుట్టుపక్కల కనిపించి, ఇప్పుడు కనిపించని జంతువులు, పక్షులు ఏవి? వాటి పేర్లు రాయండి.

2. అవి ఎందుకు తగ్గాయో పెద్దవాళ్లను అడగండి.

3. మీ ఊళ్లో కట్టెలు ఎక్కడ నుంచి వస్తున్నాయి? పదేళ్ల కిందట ఎంత దూరం పోయేవాళ్లు? ఇప్పుడు ఎంత దూరం పోతున్నారు?

4. మీ ఊరి నుంచి ఒక జంతువు బొమ్మను ఊరూరా తిప్పాలంటే, ఏ జంతువు బొమ్మ చేస్తారు? ఎందుకు?