మరుభూమికి అతిథులు

రాజస్థాన్‌లోని జైసల్మేర్, బాడ్మేర్ జిల్లాలలో 3,162 చదరపు కిలోమీటర్ల మేర మరు జాతీయ ఉద్యానం విస్తరించి ఉన్నది. ఎడారి అనగానే ఇసుక తిన్నెలే మనసులో మెదులుతాయి. కాని ఇక్కడ తిన్నెలు దాదాపు ఐదోవంతు మాత్రమే. మిగిలినదంతా రాతినేల, చవిటి పర్రలు, సేవణ్ గడ్డి పెరిగే బీళ్ళు. తెలుగువారు దసరానాడు పూజించే జమ్మిచెట్టే అక్కడివారి ఖేజ్రీ. దాని కాయలను వారు కూర వండుకుంటారు, ఆకును మేకలకు మేపుతారు.

ఈ గడ్డిబీళ్ళ అసలు యజమాని బట్టమేక పిట్ట. మగపక్షి సుమారు మీటరు ఎత్తు, 15 కిలోల వరకు బరువు ఉంటుంది. లోకంలో మిగిలినవి 150కి మించవని అంచనా. కర్నూలు ప్రాంతంలోని రోళ్ళపాడులో 1988లో దీనికోసమే అభయారణ్యాన్ని నెలకొల్పారు. అక్కడ అది దాదాపు కనుమరుగైంది. ఇక దానికి ప్రధానాశ్రయం థార్ ఎడారియే.

బట్టమేక గూడు కట్టదు. వట్టి నేలమీద, సాధారణంగా ఒకే ఒక గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు మట్టిరంగులో కలిసిపోతుంది. బాట విడిచి సరదాగా గడ్డిలోకి మళ్ళిన జీపు చక్రం కింద ఒక ఏడాది సంతానం నలిగిపోవచ్చు, నడిపినవారికి ఆ సంగతి తెలియనైనా తెలియదు. తిని పారవేసిన అన్నం ఊరకుక్కలను రప్పిస్తుంది. కుక్కలు గుడ్లను, పిల్లలను మిగల్చవు.

కనుక ప్రయాణ సన్నాహం ఇంటివద్దనే మొదలుకావాలి. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూల కాలం. అటవీశాఖ అనుమతి ముందుగా పొంది, ఆ నేల ఎరిగిన స్థానిక మార్గదర్శిని వెంట తీసుకొని వెళ్ళాలి. పగలు ఎండ, రాత్రి గడ్డకట్టించే చలి ఉంటాయి గనుక రెండింటికీ తగిన దుస్తులు అవసరం. నీరు మాత్రం వెంట తీసుకొనిపోవలసిందే. ఉద్యానం లోపల పల్లెలున్నాయి. ఆ ఇళ్ళ ముంగిట ఉండే టాంకా అనే భూగర్భ తొట్టిలో దాచుకున్న వాననీరు ఒక కుటుంబపు ప్రాణాధారం. అతిథికి వారు లేదనరు. ఆ మంచితనాన్ని కాళ్ళు కడుగుకొనడానికి వాడుకోవడం తగదు.

జైసల్మేర్‌కు సమీపంలో అకల్ వద్ద సుమారు 18 కోట్ల ఏళ్ళనాటి మాను రాళ్ళుగా మారి పడి ఉన్నది. జ్ఞాపకార్థం ఒక్క ముక్కయినా ఏరుకోరాదు.

సుదాసరి ఆవరణ వద్ద దుర్భిణితో దూరంనుండి, మాట్లాడకుండా, వేకువనే వేచి ఉండాలి. పూటంతా చూసినా బట్టమేక కనిపించకపోవచ్చు. అప్పుడు మార్గదర్శిని మరికాస్త దగ్గరకు పొమ్మని ఒత్తిడి చేయక, చింకారా జింకలను చూసి తిరిగివచ్చేవారే ఆ పక్షికి నిజమైన అతిథులు.