గొట్టం బయటికి వచ్చే చోటు

సింగపూర్‌లో మూత్రపిండాలు విఫలమైనవారిలో కొందరు ఇంటివద్దే పెరిటోనియల్ డయాలిసిస్ చేసుకుంటారు. పొట్టలో అమర్చిన కాథెటర్ ద్వారా ద్రవాన్ని నింపి, కొన్ని గంటల తర్వాత బయటికి వదిలేస్తారు. ఈలోగా ఉదరపు లోపొర రక్తంలోని మలినాలను వడకడుతుంది. ఈ వెసులుబాటు నిలవాలంటే గొట్టం చర్మంలోంచి బయటికి వచ్చే చోటు శుభ్రంగా ఉండాలి.

1968లో టెంకాఫ్ రూపొందించిన కాథెటర్‌కు రెండు డేక్రాన్ పట్టీలుంటాయి. కణజాలం వాటిలోకి అల్లుకుని సూక్ష్మజీవులను అడ్డుకుంటుంది. గొట్టం గుంజుకుపోతే ఆ అల్లిక దెబ్బతింటుంది; అందుకే దాన్ని టేపుతో కదలకుండా అంటిస్తారు.

భూమధ్యరేఖకు చేరువలోని సింగపూర్‌లో ఏడాది పొడవునా ఉక్కపోతే. తడి నిలిచినచోట సూడోమోనాస్ పెరుగుతుంది. ముక్కులో, చర్మంపై ఉండే స్టెఫైలోకాకస్ ఆరియస్ చేతుల ద్వారా చేరుతుంది. కనుక ద్రవపు సంచి మార్చేముందు చేతులు కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. స్నానం చేసిన ప్రతిసారీ ఆ చోటును శుభ్రపరచి పొడిగా ఉంచాలి. వైద్యులు సూచిస్తే మ్యూపిరోసిన్ క్రీము రాయాలి.

ఈ ఇన్‌ఫెక్షన్లు రోగికి ఏడాదికి సగటున 0.40 మించకూడదని అంతర్జాతీయ పెరిటోనియల్ డయాలిసిస్ సంఘం 2023లో సూచించింది. చీము కనిపిస్తే ఆ రోజే నర్సుకు చెప్పాలి. ఆలస్యమైతే ఇన్‌ఫెక్షన్ గొట్టం వెంబడి పొట్టలోకి పాకవచ్చు. కాథెటర్‌నే తీసివేయవలసి రావచ్చు. అప్పుడు ఇంటి డయాలిసిస్ కూడా ఆగిపోతుంది.