షెరీఫు పదవియు, కరణికమును

ఇంగ్లండునందు కౌంటీకొక హై షెరీఫు కలడు. నార్మనుల దండయాత్రకు పూర్వమే పుట్టిన యీ పదవి వేయేండ్లు దాటియు నిలిచియున్నది. ఒకప్పుడు షెరీఫు రాజునకు మారుగా శిస్తు రాబట్టుచు, నేరస్థులను బంధించుచు, న్యాయసభను నడపుచుండెను. అధికారముతో అక్రమమును పెరిగెను. 1170లో రెండవ హెన్రీ విచారణ జరిపించి పెక్కుమంది షెరీఫులను తొలగించెను. 1215 నాటి మాగ్నాకార్టాయందును వీరిని కట్టడిచేయు నిబంధనలు గలవు. క్రమముగా వారి యధికారములు ఇతరుల పాలయ్యెను. నేడు మిగిలినది మర్యాద మాత్రమే. రాజు వెండి దబ్బనముతో పేరును గ్రుచ్చి నియమించును. జీతము లేదు, గడువు ఒక్క యేడాది.

ఆ పదవి చిరంజీవి యగుటకు ఈ గడువే కారణమని మా యభిప్రాయము. వెస్టుమోర్లెండు కౌంటీలో మాత్రము షెరీఫు పదవి శతాబ్దములపాటు వారసత్వముగా సంక్రమించెను. అచ్చటను 1850 నాటి శాసనముతో ఆ హక్కు అంతరించెను.

1726 నాటి రాజశాసనముతో మద్రాసునకును షెరీఫు వచ్చెను. అదియు కాలక్రమమున ఏడాది గౌరవముగా మారి, 1998లో రద్దయ్యెను. మన గ్రామాధికారముల కథ వేరు. 1895 నాటి మద్రాసు చట్టము మునసబు, కరణము పదవులను వారసులకు కట్టబెట్టెను. ఊరి భూముల లెక్క యొక యింటి సొత్తైనప్పుడు, రైతు ఆ గడపయొద్ద చేతులు కట్టుకొని నిలువక తప్పునా? గుంటూరు జిల్లా పెరవలిపాలెము మునసబు పదవి వ్యాజ్యమున, సంతతిని బట్టియే భేదము చూపుట రాజ్యాంగపు 16వ అధికరణమునకు విరుద్ధమని 1960 డిసెంబరులో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. జిగణి మొదలగు ఆనేకల్ తాలూకా గ్రామములందలి వంశపారంపర్యపు పటేలు, శానుభోగు పదవులకు మైసూరు రాష్ట్రపు 1961 చట్టము స్వస్తి చెప్పెను. ఆంధ్రప్రదేశమున ఎన్.టి. రామారావు ప్రభుత్వము 1984లో కరణ మునసబులను, పటేలు పట్వారీలను తొలగించెను.

కరణములలో సమర్థులు లేరని మేమనుట లేదు. ఊరి పొలిమేరలను కంఠస్థము చేసినవారు వారిలో నెందరో యుండిరి. కాని తండ్రి సామర్థ్యము కుమారునకు దస్తావేజు మూలమున సంక్రమింపదు. దేవాలయ ధర్మకర్తలకును, ఈ నగరమందలి మన సంఘాధ్యక్షులకును ఈ సూత్రమే వర్తించును. గౌరవము నిలువవలెనన్న, దానిని సకాలమున మరొకరి కప్పగింపవలెను.