మెహతర్: పేరులో పెద్దరికం, పనిలో వెలి

ఇంగ్లండులో 'టానర్' అని ఒక ఇంటిపేరు వుంది. టానర్ అంటే తోళ్లు ఊనేవాడు. ఓక్ చెట్టు బెరడు నానేసిన నీళ్లలో తోళ్లు ఊనేవాళ్లు. ఆ కంపు భరించలేక అక్కడ కూడా లందల్ని ఊరి అంచులకే తోశారు. అయితే 1400 నాటికి అక్కడ చాలా కుటుంబాల్లో ఇంటిపేరు తండ్రి నుంచి బిడ్డలకు రావడం స్థిరపడింది. పేరు నిలిచింది, పని వదిలిపోయింది. ఈరోజు టానర్ అనే టీచరును చూసి పిల్లనివ్వడానికి ఎవరూ వెనుకాడరు.

మన హైదరాబాదు పాతబస్తీ సంగతి చూద్దాం. సుల్తాన్‌షాహీలో మెహతర్లు వుంటారు. పాయిఖానాలు ఎత్తిపోసే పనిని తరతరాలుగా ఈ కులం నెత్తిన పెట్టారు. మెహతర్ ఫారసీ మాట. 'మరింత గొప్పవాడు', 'పెద్ద' అని దాని అర్థం. హిందూకుష్ కొండల్లోని చిత్రాల్ సంస్థానంలో రాజు బిరుదు కూడా మెహతరే. అక్కడ గద్దె మీద కూర్చున్నవాడు మెహతర్, ఇక్కడ తట్ట మోసినవాడు మెహతర్!

ఇదొక్కటే కాదు. మనం తెలుగులో తిట్టులాగా వాడే 'పాకీ' కూడా శుభ్రమనే అర్థమున్న ఫారసీ 'పాక్' నుంచి వచ్చిందే. అక్బర్ పాదుషా ఊడ్చేవాళ్లకు 'హలాల్‌ఖోర్' అని పేరు పెట్టాడు. న్యాయమైన కష్టార్జితం తినేవాడని అర్థం. పేర్లన్నీ గొప్పవే. నెత్తి మీది తట్ట మాత్రం దిగలేదు. పైగా ఆ గొప్ప పేర్లే తిట్లయి కూర్చున్నాయి.

ఎందుకని? టానర్ కొడుకు వేరే పని పడితే అడ్డుపడే కులం అక్కడ లేదు. ఇక్కడ పుట్టుకే పనిని నిర్ణయించింది, పెళ్లి దానికి కాపలా కాసింది. కులమంటే పని విభజన ఒక్కటే కాదు, పనిచేసేవాళ్లను విడగొట్టి మెట్లుగా నిలబెట్టడమని అంబేడ్కర్ 1936లోనే తేల్చి చెప్పాడు.

చేతులతో మలం ఎత్తే పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకొకటి వచ్చాయి. అయినా మనుషులు మ్యాన్‌హోళ్లలో దిగి చస్తూనే వున్నారు. అట్లా చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. చావుకిచ్చే డబ్బు పెరిగింది, చావులు ఆగలేదు.

మరి పేరు మార్చుకుంటే చాలదా అనే మిత్రులున్నారు. ఉత్తరాదిలో చాలామంది 'వాల్మీకి' అని మార్చుకున్నారు. ఏ పేరుతో బతకాలో తేల్చుకునే హక్కు వాళ్లదే. కానీ మన షెడ్యూల్డు కులాల జాబితాలో వున్న పేరు మెహతర్. కాలేజీ సీటుకైనా, ఉద్యోగానికైనా సర్టిఫికెట్టు మీద ఆ పేరే వుండాలి. అవమానించిన పేరే ఈనాడు హక్కుకు ఆధారం. కాబట్టి మారాల్సింది ముందు పేరు కాదు, పుట్టుకకూ పనికీ వేసిన ముడి. ఆ ముడి తెగితే మెహతర్ కూడా టానర్ లాగా వొట్టి పేరుగా మిగులుతుంది.