స్వప్నమందు మెలకువ

కృష్ణాతీరమున ఘంటసాలకు చేరువనున్న శ్రీకాకుళ గ్రామమును మన శ్రోతలలో పెక్కురు దర్శించియుందురు. కళింగ దండయాత్రకు వెడలిన శ్రీకృష్ణదేవరాయలు విజయవాడలో కొన్నాళ్లు విడిసి, పిమ్మట ఆ గ్రామమునకు బోయి, ఏకాదశినాడు ఉపవసించి, ఆ రాత్రి నాలవ యామమున ఆంధ్రమహావిష్ణువును కలలో గాంచెనని 'ఆముక్తమాల్యద' అవతారిక చెప్పుచున్నది. గోదాదేవి కథను తెనుగున రచింపుమని స్వామి ఆనతిచ్చెనట.

రాయల కల ఆజ్ఞారూపమున వచ్చినది. దానిని ఆయన నడపలేదు. నేడు మేము ప్రస్తావించునది వేరొక విధమైన కల. నిద్రలోనే యుండి, 'ఇది కల' యని యెరిగి, అందు కొంతవరకు తన యిచ్ఛ చొప్పున మెలగుట. దీనిని 'ఎరుకగల కల' యందము. డచ్చి రచయిత, వైద్యుడు అగు ఫ్రెడెరిక్ వాన్ ఈడెన్ ఇట్టి తన కలలను గూర్చి 1913లో ఒక వ్యాసము ప్రకటించెను.

అయినను నాలవ యామమను మాటను మనము విడువరాదు. నిద్రలో కనుగ్రుడ్లు వేగముగా కదలు దశ యొకటి కలదని 1953లో చికాగో విశ్వవిద్యాలయమునందలి అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు వెల్లడించిరి. స్పష్టమైన కలలు ఎక్కువగా ఆ దశలోనే వచ్చును. అది సుమారు 90 నిమిషముల కొకమారు వచ్చును. తొలిరేయి కొద్ది నిమిషములే యుండి, తెల్లవారుజామున అరగంట వరకు సాగును. రాయలు కలగన్న వేళ అదియే.

ఆ దశలో కాలుసేతులు సడలి కదలకుండును. కన్నులు మాత్రము కదలును. 1975లో ఇంగ్లండునందలి హల్ విశ్వవిద్యాలయమున కీత్ హెర్న్ పరీక్షించుచుండగా, అలన్ వర్స్‌లీ యనువాడు గాఢముగా నిద్రించుచునే, ముందుగా అనుకొన్న గురుతు ప్రకారము కన్నులను కుడియెడమలకు త్రిప్పెను. యంత్రము దానిని నమోదు చేసెను. తరువాత అమెరికాలో స్టీఫెన్ లబెర్జ్ స్టాన్‌ఫర్డునందు స్వతంత్రముగా ఇదే ఫలితము సాధించెను. కావున ఇది కేవలము కట్టుకథ కాదు.

దీనికి అభ్యాసమెట్లు? మొదట, మేల్కొనిన వెంటనే కదలక, కలను జ్ఞప్తికి దెచ్చుకొని పుస్తకమున వ్రాసికొనవలెను. రెండవది, పగటిపూట పలుమార్లు 'ఇది కలయా?' యని నిజముగా ప్రశ్నించుకొనవలెను. బజారులో ఒక దుకాణపు పలకను చదివి, చూపు మరల్చి, మరల చదువుడు. కలలోనైతే అక్షరములు తరచుగా మారిపోవును. మూడవది, తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు, 'మరల కలగనునపుడు అది కల యని గుర్తింతును' అని సంకల్పించి నిద్రపోవలెను.

ఎరుక కలిగిన పిదపనే అసలు చిక్కు. ఆనందముతో ఉప్పొంగినచో తక్షణమే మెలకువ వచ్చును. అప్పుడు కలలోని అరచేతులను ఒకదానితో నొకటి రుద్దుచు, దగ్గరి వస్తువులను నెమ్మదిగా చూడవలెను, కల నిలుచును. ఇక కలను నడపుటకు బలముకంటె నమ్మకము ముఖ్యము. 'ఇక్కడ పడవ ప్రత్యక్షము కావలె'నని పంతము పట్టిన రాకపోవచ్చును. కాలువ మలుపు దాటిన పడవ యుండునని నమ్మి నడచినచో కనబడును. కలలో మనము ఎదురుచూచునదియే ఎదురగును, భయపడునదియు అంతే. విజయవాడ ఆనకట్ట కృష్ణను ఆపివేయలేదు. నీటిమట్టము పెంచి కాలువలకు మరల్చినది. కలపై అధికారము కూడ అట్టిదే.

ఇది వట్టి వినోదము కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తగా వేలాదిమంది ప్రాణములు గోల్పోయిరి. అట్టి విపత్తును దాటినవారికి అదే నీరు ఏండ్ల తరబడి కలలో వచ్చుట కలదు. వైద్యులు ఇట్టివారిచే పీడకల ముగింపును పగలు మార్పించి, ఆ క్రొత్త ముగింపును ప్రతిదినము మనసున నెమరువేయింతురు. ఎరుక కూడ తోడైనచో, నీటిని ఆపనక్కరలేదు. 'ఈ నీరు నన్ను ముంచజాలదు' అని యెరిగి నిలుచుటయే చాలును.

ఒక హెచ్చరిక. ఇందుకై ప్రతిరాత్రి నిద్ర చెడగొట్టుకొనరాదు. కలకు, నిజమునకు భేదము తోచని మనోవ్యాధి గలవారు వైద్యుని అడుగక ఈ అభ్యాసమునకు పూనరాదు. తక్కినవారికి కావలసినది కొన్ని వారముల ఓపిక, తలగడ ప్రక్కన ఒక పుస్తకము, ఒక పెన్సిలు. రేపు తెల్లవారుజామున ఆ పుస్తకమున మొదటి వాక్యము మీరు వ్రాయుదురుగాక!