లే-ఆఫ్ కవర్లో వయసుల పట్టిక

కాపెల్‌లో ఉండే మిత్రుడొకడికి ఈమధ్య లే-ఆఫ్ కాగితాలు చేతికొచ్చాయి. ఎంత డబ్బు ఇస్తున్నారో చూసుకుని సంతకం పెట్టేయబోతూ, ఎందుకైనా మంచిదని నాకు ఫోన్ చేశాడు. చివరి పేజీల్లో ఒక పట్టిక ఉంది: ఉద్యోగం పేరు, వయసు, తీసేసినవారు ఎందరు, ఉంచినవారు ఎందరు. “హెచ్ఆర్ వాళ్ళు పొరపాటున జత చేసినట్టున్నారు” అన్నాడు.

పొరపాటేమీ కాదు. 40 ఏళ్ళు దాటినవారిని వయసు చూసి తీసెయ్యకూడదని 1967లో అమెరికాలో చట్టం వచ్చింది. 20 మంది, అంతకు మించి ఉన్న కంపెనీలకు అది వర్తిస్తుంది. మీరు హెచ్-1బి మీద ఉన్నా సరే. “వయసు విషయంలో దావా వెయ్యను” అని సంతకం చేయించుకుని డబ్బిచ్చే అలవాటు కంపెనీలకు ఉంది కాబట్టి 1990లో దానికి షరతులు పెట్టారు. ఒకేసారి కొందరిని తీసేస్తుంటే, 40 దాటినవారికి ఈ పట్టికా, ఆలోచించుకోవడానికి 45 రోజులూ ఇవ్వాలి. ఒక్కరినే తీసేస్తే 21 రోజులు. సంతకం పెట్టాక కూడా 7 రోజుల్లోపు వెనక్కి తీసుకోవచ్చు. ఈ షరతులు తప్పితే వయసు హక్కు వదులుకున్నట్టు కాదు. తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వకుండానే దావా వెయ్యవచ్చని 1998లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక పట్టిక చదవడం. మనకు లెక్కలు కొత్త కాదు కదా! ఊరికే ఒక ఉదాహరణ: 12 మంది టీములో ఆరుగురు 45 దాటినవారు, ఆరుగురు కుర్రవాళ్ళు. పెద్దవాళ్ళలో నలుగురిని, కుర్రవాళ్ళలో ఒకరిని తీసేశారు. చూడగానే అన్యాయం అనిపిస్తుంది. కానీ చీట్లు వేసి ఐదుగురిని ఎంచినా, పెద్దవాళ్ళు నలుగురో ఐదుగురో పడే అవకాశం 12 శాతం, అంటే సుమారు ఎనిమిదింట ఒకసారి. అదే 60 మందిలో, 30 మంది పెద్దవాళ్ళలో 20, మిగతా 30 మందిలో 5 అయితే, అది చీట్లలో పడే సంగతి కాదు. అయినా పట్టిక ఒక్కటే రుజువు కాదు, లాయరు అడగబోయే మొదటి ప్రశ్నకు అది ముడిసరుకు.

ఈ పట్టిక మీద నాకింత మోజు ఎందుకంటే, వయసు మరెక్కడా కనిపించదు. 100 మందికి పైగా ఉన్న ప్రైవేటు కంపెనీలు ప్రభుత్వానికి ఇచ్చే ఈఈఓ-1 నివేదికలో స్త్రీలెందరు, పురుషులెందరు అన్నది ఉద్యోగాల తరగతుల వారీగా ఉంటుంది. వయసుకి గడి లేదు, వైకల్యానికీ లేదు. స్త్రీల సంఖ్యనైనా మొత్తంగా చూస్తే మోసపోతాం. ఆఫీసు సహాయకుల వరుసనీ, మేనేజర్ల వరుసనీ విడిగా చూడాలి.

వైకల్యం సంగతి మరీ విచిత్రం. ప్రభుత్వ కాంట్రాక్టులున్న కంపెనీలు 2014 నుంచి ఇస్తూ వచ్చిన ఫారం మీలో చాలామంది నింపే ఉంటారు. దానిలోని ఉదాహరణల్లో క్యాన్సర్, డిప్రెషన్‌తో పాటు మధుమేహమూ ఉంది. పొద్దున్నే మెట్‌ఫార్మిన్ వేసుకుని “లేదు” అని టిక్కు పెట్టే మనవాళ్ళు ఎందరో! అయితే “ఉంది” అని టిక్కు పెట్టినంత మాత్రాన సదుపాయం రాదు. పనివేళల్లో మార్పో, స్క్రీన్ రీడరో కావాలంటే విడిగా అడగాలి. 15 మంది ఉన్న కంపెనీ నుంచీ అలా అడిగే హక్కు 1990 నాటి ఏడీఏ చట్టం ఇచ్చింది.

హెచ్-1బి వాళ్ళకి మాత్రం ఒక చిక్కుంది. ఉద్యోగం పోయాక దేశంలో ఉండనిచ్చేది గరిష్ఠంగా 60 రోజులు. సంతకం ఆలస్యం చేసినంత మాత్రాన ఆ గడువు ఆగదు, త్వరగా పెడితే పెరగదు. టెక్సస్‌లో రాష్ట్ర కమిషన్‌కి ఫిర్యాదు చేయడానికి 180 రోజులుంటాయి. ఈఈఓసీకైతే 300.

మిత్రుడికి 51 ఏళ్ళు. తొమ్మిదో రోజున ఆ పట్టిక పట్టుకుని లాయరు దగ్గరికి వెళ్ళాడు.