మంచె, విల్లు, గాలం: మిచిగన్‌లో వేటకాలం

అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో తుపాకీతో జింకల వేట ఏటా నవంబరు 15న మొదలై నెలాఖరుదాకా సాగుతుంది. ఆ తేదీ వారంలో ఏ రోజు పడినా మారదు. ఉత్తరాది ఊళ్లలో చాలా బడులకు ఆ రోజు సెలవు. ముందురోజు సాయంత్రం నుంచే డెట్రాయిట్ వైపు నుంచి ఉత్తరానికి వెళ్లే రహదారుల మీద బండ్లు బారులు తీరతాయి. రాష్ట్రంలో ఏటా దాదాపు 6 లక్షల మంది జింక వేటకు లైసెన్సు తీసుకుంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే స్టీల్‌హెడ్ చేపలు మిచిగన్ సరస్సు వదిలి నదుల్లోకి ఎక్కుతుంటాయి. అందుకే చాలా ఇళ్లలో తుపాకీ, గాలపు కర్ర ఒకే బండిలో బయలుదేరతాయి.

అక్కడ వేటాడేది తెల్లతోక జింకను. బెదిరినప్పుడు తోక నిటారుగా ఎత్తి, దాని అడుగున ఉన్న తెల్లదనం కనిపించేలా పరుగు తీస్తుంది కాబట్టి దానికా పేరు. ఇప్పుడు ఊరి పొలిమేరల్లోనూ మందలుగా తిరిగే ఈ జింక 1900 నాటికి అమెరికాలో చాలా ప్రాంతాల నుంచి మాయమైపోయింది. దేశం మొత్తం మీద మిగిలినవి 5 లక్షలకు మించవని అంచనా. మాంసాన్ని, తోళ్లను రైళ్లలో నగరాలకు తరలించిన వ్యాపార వేటే అందుకు ముఖ్య కారణం. 1900లో వచ్చిన లేసీ చట్టం, అక్రమంగా వేటాడిన జంతువులను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి రవాణా చేయడాన్ని నేరంగా మార్చింది. ఆ తర్వాత రాష్ట్రాలు వేటకు నెలలు, పరిమితులు, లైసెన్సులు పెట్టాయి. నేడు ఆ జింకలు దేశంలో సుమారు 3 కోట్లు, ఒక్క మిచిగన్‌లోనే దాదాపు 20 లక్షలు ఉంటాయని అంచనా.

సంఖ్య పెరగడంతో కొత్త చిక్కులు వచ్చాయి. రాష్ట్రం దక్షిణ భాగంలో తోడేళ్లు, కూగర్ అనే పెద్ద అడవి పిల్లులు ఎప్పుడో అంతరించాయి. మొక్కజొన్న, సోయా పొలాలు మేతకు కొదవ లేకుండా చేశాయి. అడవిలో కొత్తగా మొలిచే దేవదారు మొక్కలను జింకలు ఎదగనివ్వడం లేదు. మిచిగన్ రోడ్ల మీద ఏటా 50 వేలకు పైగా వాహనాలు జింకలను ఢీకొంటున్నాయి. సహజ శత్రువు లేని చోట వాటి సంఖ్యను అదుపులో ఉంచేది ఇప్పుడు ప్రధానంగా వేటగాడే. ఆ పనికి పెట్టుబడీ అతని జేబులోంచే వస్తుంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్లు, తూటాల మీద వసూలయ్యే 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకే పోతుంది. చేపలవేట సామగ్రి మీద ఇలాంటి పన్నునే 1950లో డింగెల్-జాన్సన్ చట్టం తెచ్చింది. ఆ డింగెల్ మిచిగన్ నుంచి ఎన్నికైన కాంగ్రెస్ సభ్యుడు. వేటను ఇష్టపడని వారు కూడా కాదనలేని ఏర్పాటు ఇది.

వేటగాడు ముందుగా చూసుకోవలసింది గాలివాటం. జింక చూపు మరీ గొప్పది కాదు. కదలికను ఇట్టే పసిగడుతుంది గానీ ఎరుపు, నారింజ రంగులను విడిగా గుర్తించలేదు. నీలిరంగు మాత్రం దానికి బాగా ఆనుతుంది. చెవులను రెండు వైపులకూ విడివిడిగా తిప్పి వినగలదు. అన్నిటికీ మించి ముక్కును నమ్ముతుంది. మనిషి వాసన సోకితే కంటికి ఏమీ కనిపించకపోయినా ఆగదు. అందువల్ల జింక వచ్చే దారి నుంచి తనవైపు గాలి వీచే చోటునే వేటగాడు ఎంచుకుంటాడు. వాలు నేలలో ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. పొద్దెక్కేకొద్దీ గాలి వేడెక్కి వాలు వెంట పైకి పోతుంది. సాయంత్రం చల్లబడి పల్లానికి జారుతుంది. అంటే పొద్దున మిట్టన కూర్చున్న వాడికి సాయంత్రం ఆ చోటు పనికిరాదు. అనుభవజ్ఞులు చిన్న సీసాలో మెత్తటి పొడి దగ్గర పెట్టుకుని, అప్పుడప్పుడూ చిటికెడు గాలిలోకి వదిలి అది ఎటు పోతోందో చూస్తారు. దుకాణాల్లో దొరికే వాసన లేని సబ్బులు, ప్రత్యేక దుస్తులు కొంత సాయపడతాయేమో గానీ గాలివాటం తప్పితే అవేవీ కాపాడవు.

తర్వాతి పని జాడ తీయడం. జింక పగలు పడుకునే పొదకూ, సాయంత్రం మేసే చేనుకూ మధ్య రోజూ నడిచే బాట ఒకటి ఉంటుంది. గిట్టల గుర్తులు, పెంటికలు, ఓక్ చెట్ల కింద కొరికి వదిలేసిన కాయలు ఆ బాటను పట్టిస్తాయి. అక్టోబరు చివరికి మగజింకల గుర్తులు కొత్తగా తోడవుతాయి. లేత చెట్ల బెరడు లేచిపోయేలా కొమ్ములతో రాస్తాయి. నేలను గిట్టలతో గీరి, ఆ గుంటలో మూత్రం పోసి, పైన వేలాడే కొమ్మను నోటితో నాకి తమ వాసన వదులుతాయి. పగటి నిడివి తగ్గడాన్ని బట్టి జతకట్టే కాలం మొదలవుతుంది. అది ముమ్మరమయ్యేది నవంబరు మధ్యలో. ఏడాదంతా చీకటి చాటున తిరిగే పెద్ద మగజింక అప్పుడు పట్టపగలే ఆడజింక వెంటపడుతుంది. వేటగాడు రెండు కొమ్ములను ఒకదానికొకటి కొట్టి పోట్లాట చప్పుడు చేస్తే తనకు పోటీ వచ్చిందనుకుని అది దగ్గరికి వస్తుంది.

చాలామంది చెట్టుకు కట్టిన మంచె మీద కూర్చుంటారు. భూమికి అయిదారు మీటర్ల ఎత్తున ఉంటే జింక కంటికి అంత తేలిగ్గా ఆనరు, వాసనా కొంతమేరకు పైనుంచే పోతుంది. కానీ వేటలో ఎక్కువమంది గాయపడేది ఈ మంచెల మీద నుంచి పడటం వల్లనే. నేల మీద కాలు ఎత్తినప్పటి నుంచి మళ్లీ దిగేదాకా భుజాలకు, తొడలకు బిగించుకున్న పట్టీలు చెట్టుకు కట్టి ఉన్న తాడుతో జోడించి ఉండాలి. తుపాకీని, విల్లును చేత్తో పట్టుకుని ఎక్కకూడదు. పైకి చేరాక తాడుతో లాక్కోవాలి. వేటకు కొత్తగా వచ్చేవారు ఖరీదైన దుర్భిణి కంటే ముందు కొనవలసింది ఈ పట్టీలే.

ఆయుధాల సంగతికొస్తే అక్టోబరు 1 నుంచి విల్లు, నవంబరు 15 నుంచి తుపాకీ, డిసెంబరులో గొట్టం మూతి నుంచి మందు కూరే పాతకాలపు తుపాకీ. విల్లు వేట ఆదరణ పొందడంలో మిచిగన్‌కు పెద్ద పాత్రే ఉంది. ఫ్రెడ్ బేర్ 1947లో గ్రేలింగ్ పట్టణానికి తరలించిన విల్లుల కర్మాగారం దేశమంతటా విలుకాళ్లకు సామగ్రి అందించింది. మిస్సోరికి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ 1969లో పేటెంటు పొందిన కాంపౌండ్ విల్లు ఈ వేటను మరింతమందికి అందుబాటులోకి తెచ్చింది. దాని రెండు కొసల్లో కప్పీలు ఉంటాయి. నారిని లాగడం మొదలుపెట్టినప్పుడు 30 కిలోల బలం కావాలి, పూర్తిగా లాగాక ఆరేడు కిలోలు పట్టి ఉంచితే చాలు. అందువల్ల జింక సరైన వైపు తిరిగేదాకా చేతులు వణక్కుండా ఆగవచ్చు. బాణం సెకనుకు 90 మీటర్ల వేగంతో పోతుంది. అయినా 30 మీటర్ల దూరం చేరడానికి సెకనులో మూడో వంతు పడుతుంది. నారి చప్పుడు విన్న జింక గెంతడానికి ముందు ఒళ్లు కిందికి కుంగదీస్తుంది, గురి పైకి పోతుంది. అందుకే మంచి విలుకాడు 25 మీటర్లు దాటితే బాణం వేయడు. తుపాకీకి ఆ ఇబ్బంది లేదు. 1894 నాటి వించెస్టర్ రైఫిల్‌తో ప్రసిద్ధికెక్కిన థర్టీ-థర్టీ తూటాకు ఇప్పటికీ ఉత్తర మిచిగన్ చిట్టడవుల్లో ఆదరణ తగ్గలేదు.

బాణం తగిలిన వెంటనే జింక పడిపోదు. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోట, ముందుకాలి వెనగ్గా తగిలినా నూరు మీటర్లయినా పరుగెత్తవచ్చు. అప్పుడు వేటగాడు మంచె దిగకుండా అరగంట ఆగాలి. తొందరపడి వెంటపడితే గాయపడిన జింక ఎక్కడో దూరాన పడి దొరక్కుండా పోతుంది. దిగాక ముందు బాణం వెతికి చూస్తారు. ములికి మీద గులాబీ రంగు నురుగు ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు, జింక దగ్గరలోనే ఉంటుంది. చిక్కని ముదురు నెత్తురు కనిపిస్తే కాలేయం, ఇంకొన్ని గంటలు ఆగాలి. పచ్చటి పసరు, కంపు ఉంటే పేగులకు తగిలిందన్నమాట. ఆరేడు గంటలైనా దాన్ని కదిలించకూడదు. ఆకుల మీది చుక్కలను ఒక్కొక్కటిగా చూసుకుంటూ, చివరి చుక్క దగ్గర గుర్తు కట్టుకుంటూ ముందుకు పోవాలి. గాయపరిచిన జంతువును చివరిదాకా వెతకడం వేటగాడి బాధ్యత. ఈ ఓపిక లేనివాడి చేతికి విల్లు ఇవ్వకూడదు.

జింక పడ్డాక లైసెన్సుతో వచ్చిన చీటీని దానికి కట్టాలి, 72 గంటల్లోగా ఆ సంగతిని రాష్ట్ర సహజ వనరుల శాఖకు ఆన్‌లైన్‌లో తెలపాలి. మాంసం పాడవకుండా కడుపును అక్కడే చీల్చి పేగులు తీసేస్తారు. అడవి జంతువు మాంసాన్ని అమ్మడం నేరం. ఇంట్లో వండుకోవచ్చు, ఆకలితో ఉన్నవారికి దానం చేయవచ్చు. సీసపు తూటాల ముక్కలు మాంసంలోకి, వదిలేసిన పేగులు తినే గద్దల ఒంట్లోకి చేరుతున్నాయి కాబట్టి రాగి తూటాలకు మారేవారు పెరుగుతున్నారు.

జింకల మేపు మీద చాలాకాలంగా వాదం నడుస్తోంది. మంచె ముందు క్యారెట్లు, మొక్కజొన్న కుప్పలు పోసి జింకలను రప్పించడం అక్కడ పాత అలవాటు. 2015లో రాష్ట్రంలోని అడవి జింకల్లో క్షీణవ్యాధి బయటపడింది. వికృతమైన ప్రోటీన్ వల్ల వచ్చే ఆ రోగానికి మందు లేదు. జింకలు ఒకేచోట మూతులు కలిపి తింటే అది వేగంగా వ్యాపిస్తుంది. 2019 నుంచి రాష్ట్రపు దక్షిణ ద్వీపకల్పమైన లోయర్ పెనిన్సులాలో మేత పోయడాన్ని నిషేధించారు. అలవాటు మానలేక కొందరు అసంతృప్తి చెందినా ఆ నిర్ణయం సరైనదే. రోగం సోకిన జింక మాంసం తినకూడదని, రోగమున్న ప్రాంతాల్లో పరీక్ష చేయించుకోవాలని ఆరోగ్య సంస్థలు సూచిస్తున్నాయి.

ఇక నదులు. మిచిగన్ నదుల్లో నేడు పేరున్న చేపలు చాలావరకు బయటినుంచి తెచ్చి వదిలినవే. స్టీల్‌హెడ్ పసిఫిక్ తీరపు చేప, 1876లో ఔ సేబుల్ నదిలో ఆ జాతిని వదిలారు. బ్రౌన్ ట్రౌట్ జర్మనీ గుడ్ల నుంచి పుట్టి 1884లో పెర్ మార్కెట్ నది పరీవాహకంలో దిగింది. సముద్రం నుంచి కాలువల గుండా వచ్చిన ఏల్‌వైఫ్ అనే చిన్న చేపలు సరస్సుల్లో లెక్కకు మించి పెరిగి తీరాలకు కుప్పలుగా కొట్టుకొస్తుంటే, వాటిని తినడానికి హోవర్డ్ టానర్ అనే శాస్త్రవేత్త 1966లో కోహో సాల్మన్‌ను వదిలించారు. వర్షాకాలంలో పులస గోదావరికి ఎదురీదినట్టే ఈ చేపలు గుడ్లు పెట్టడానికి సరస్సు నుంచి నదికి ఎక్కుతాయి. సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. స్టీల్‌హెడ్ మళ్లీ సరస్సుకు తిరిగి పోగలదు.

స్టీల్‌హెడ్ కోసం వాడే గాలపు కర్ర పది, పదకొండు అడుగుల పొడవు ఉండి కొస మెత్తగా వంగుతుంది. అక్కడి నీళ్లు తేటగా ఉంటాయి కాబట్టి దారం సన్నగా ఉండాలి, మూడు నాలుగు కిలోల బరువుకు తెగేది వాడతారు. అయిదు కిలోల చేపను ఆ దారంతో గట్టుకు చేర్చేది రీలులోని బిగింపే. చేప లాగినప్పుడు దారం తెగేలోపే రీలు కాస్త వదులిస్తుంది. మంచి ఎర సాల్మన్ జన. దాన్ని వలగుడ్డలో వేలిగోరంత చిన్న మూటగా కట్టి గాలానికి గుచ్చుతారు. నీటి అడుగున వడి పైదానికంటే తక్కువ. అందుకని బెండు కింద సీసపు గుండ్లను దగ్గరగా పెట్టి, ఎర నేలకు జానెడు ఎత్తున, అడుగునీటి వేగంతోనే కొట్టుకుపోయేలా సరిచూసుకోవాలి. ఎర వడికంటే ముందు పోయినా వెనకబడినా చేప దాన్ని ముట్టదు. వాన తర్వాత నీరు మసకబారితే కొట్టొచ్చినట్టు కనిపించే రంగు మూట, తేటగా ఉంటే లేత రంగు చిన్న మూట వాడతారు.

ఈకలతో, దారంతో పురుగులా కట్టిన ఫ్లైతో ట్రౌట్‌ను పట్టడం వేరే విద్య. ప్రపంచమంతటా వాడే ఆడమ్స్ అనే ఫ్లైని లెన్ హాలడే 1922లో మిచిగన్‌లోని మేఫీల్డ్‌లో కట్టాడు. పెర్ మార్కెట్‌లో ఎం-37 వంతెన నుంచి గ్లీసన్స్ లాండింగ్ దాకా ఫ్లై మాత్రమే వాడాలి, పట్టిన చేపను వదిలేయాలి. వదిలేటప్పుడు చేతులు తడుపుకుని, వీలైతే నీళ్లలోనే గాలం తీయాలి. పొడి చేయి తగిలితే చేప ఒంటి జిగురు పోయి రోగాలు సోకుతాయి. ఛాతీదాకా వచ్చే రబ్బరు దుస్తులు వేసుకుని నదిలో దిగేవారు నడుముకు బెల్టు బిగించుకోవాలి. లేకపోతే కాలు జారినప్పుడు దుస్తుల్లోకి నీళ్లు నిండి లేవలేరు. ఏటి అడుగున శుభ్రంగా మెరిసే గులకరాళ్ల మచ్చ కనిపిస్తే అక్కడ చేప గుడ్లు పెట్టిందని గుర్తు. దాని మీద అడుగు వేయకూడదు.

ఇదంతా మిచిగన్ సంగతి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నిషిద్ధం. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకను చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలుశిక్ష పడుతుంది. మిచిగన్‌లో స్థిరపడి వేట నేర్చుకోవాలనుకునే తెలుగువారు ముందుగా వేట భద్రతా శిక్షణ పూర్తి చేయాలి. 1960 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వారికి ఆ ధ్రువపత్రం లేనిదే మామూలు లైసెన్సు ఇవ్వరు. వేటతో సంబంధం లేని, డెట్రాయిట్ శివార్లలోని నోవై, కాంటన్, ట్రాయ్ వాసులు సైతం నవంబరులో అడవి బాటల్లో నడిచేటప్పుడు వేటగాళ్లలాగే నారింజ రంగు టోపీ, చొక్కా వేసుకోవడం మంచిది. తెల్లవారుజామున, మునిమాపువేళ బండి వేగం తగ్గించాలి. ఒక జింక రోడ్డు దాటితే వెనకాల ఇంకొకటి ఉంటుంది.